టీచరమ్మ పెంచిన సముద్రం

మా ఇంటి యజమానురాలు, ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన టీచరమ్మ, పోయిన నెల వేలూరు ఆస్పత్రిలో కన్నుమూశారు. వీధి చివరి మందుల షాపుకు ఫోను వచ్చింది. షాపాయన సైకిలు మీద వచ్చి వాకిట్లోనే నిలబడి, "టీచరమ్మ లేదంటమ్మా" అన్నాడు. నేనప్పుడు ఆమె గదిలో గాజుతొట్టికి తడి గోనెపట్ట చుడుతున్నాను. ఎండాకాలం, నీళ్ళు వేడెక్కకూడదు. ఏడుస్తూనే ఆ పని పూర్తి చేశాను. సగంలో వదిలేస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు.

తిరుపతిలో కొండ ఉంది, సముద్రం లేదు. టీచరమ్మ మాత్రం కిటికీ పక్కన, పొద్దుటెండ పడే చోట, గాజుతొట్టిలో సముద్రం పెట్టుకున్నారు. నీళ్ళు మద్రాసు నుంచి క్యాన్లలో బస్సు మీద వచ్చేవి. కాలేజీ పిల్లల్ని రామేశ్వరం తీసుకుపోయినప్పుడు లోపలి జీవుల్ని రాళ్ళతో సహా తెచ్చారట.

నేను పలమనేరు దగ్గర పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చినదాన్ని. చదువు ఐదో తరగతితో ఆగింది. ఎవరైనా పలకరిస్తే తలుపు చాటుకు పోయేదాన్ని. ఒకరోజు కరివేపాకు అడగడానికి వెళ్ళి, ఆ తొట్టి ముందు అడగడమే మరచిపోయాను. నీళ్ళలో ఒక పువ్వు, గాలి లేకుండానే ఊగుతోంది.

"పువ్వు కాదు పాపా, జంతువు. వేలు పెట్టి సూడు" అన్నారు.

పెట్టాను. పనస జిగురు అంటినట్టు నా వేలిని పట్టుకుంది. కెవ్వుమన్నాను. ఆమె పడీపడీ నవ్వారు.

"పట్టుకుంటే బతికుండాదని. జారిపోయి కంపు కొడితే పోయినట్టు. ముడుచుకుంటే మాత్రం పోయినట్టు కాదు, అలిగినట్టు. అలిగినదాన్ని కెలకగూడదు."

పక్క రాయి మీద గోధుమరంగు చిన్నచిన్న నోళ్ళు వరసగా తెరుచుకుని ఉన్నాయి. అవి పగడం జాతి. రెండిటికీ తేడా ఎట్లా తెలుసుకోవాలని అడిగితే ఆమె చెప్పిన మాట మరచిపోలేను. "పువ్వు నా మాదిరి ఒంటిది. ఎముక లేదు, ఇల్లు లేదు, నచ్చకుంటే అడుగు జరుపుకుంటా పోతుంది. పగడం మీ ఇంటి మాదిరి ఉమ్మడి కాపురం. అందరూ కలిసి రాతి ఇల్లు కట్టుకోని ఆడే పడుంటారు. నీ తాళి పక్కన పగడం ఉండాదే, అట్లాంటోళ్ళ ఇల్లే అది." ఆ రోజంతా తాళిలోని పగడాన్ని తడుముకుంటూనే ఉన్నాను.

పువ్వుకు మేత రొయ్యముక్క. మా అత్తకు అదే మంట. "శనివారం మేము గుడ్డు కూడా ముట్టం. మీ పువ్వుకు రొయ్యలా?" అని వాకిట్లోంచే కేకేసేది.

"దానికి వారాలు తెలీవక్కా. నువ్వొచ్చి నేర్పీ!" అనేవారు టీచరమ్మ.

కరెంటు పోయి గాలి మోటారు ఆగితే, చెంబుతో నీళ్ళు ముంచి, పాలు చల్లార్చినట్టు ఎత్తు నుంచి పోసేవారు. తొట్టి బయట కుంకుమతో నీటిమట్టానికి ఒక గీత ఉండేది. నీళ్ళు గీత కిందికి దిగితే ఉప్పునీళ్ళు పోయాలనుకున్నాను. ఆమె కసురుకోలేదు. "పులుసు మరిగి ఉప్పెక్కితే ఏం జేస్తావు?" అని అడిగారు. మంచినీళ్ళు పోస్తానన్నాను. "ఇదీ అంతే. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఆడే ఉంటుంది."

పాత విద్యార్థినులు చూడటానికి వస్తే, నన్ను అద్దెకున్న పిల్ల అని ఒక్కసారీ చెప్పలేదు. "ఈ పిల్లా నా స్టూడెంటే" అనేవారు. నేను తల దించుకునేదాన్ని. లోపల మాత్రం కొండెక్కినంత గర్వం. వేలూరు పోతూ తొట్టిని నాకే అప్పగించారు. "నేనొచ్చినా రాకున్నా ఇవి బతకల్ల" అన్నారు.

ఆమెను తెచ్చారు, సాగనంపారు. ఆడవాళ్ళం ఇల్లు కడుగుతున్నాం. చావు ఇంట్లో నిలవనీళ్ళు ఉంచకూడదు కదా. కుండలు, బిందెలు, బకెట్లు అన్నీ వాకిట్లో గుమ్మరించారు. అంతలో టీచరమ్మ మరదలు తొట్టివైపు చెయ్యి చూపించింది. ఎవరో రబ్బరు గొట్టం తెచ్చారు.

నేను పోయి తొట్టికి అడ్డం నిలబడ్డాను. ఇంతమందిలో నేనెప్పుడూ నోరు విప్పలేదు.

"ఇవి పారబోయగూడదు" అన్నాను.

"మైలనీళ్ళు ఇంట్లో పెట్టుకుంటారా యాడన్నా? జరుగమ్మా" అంది ఆమె.

"ఈ నీళ్ళు పోతే ఇవన్నీ సచ్చిపోతాయి. టీచరమ్మ పోయిన ఇంట్లో ఇంగా సావులు వద్దు." నేను జరగలేదు.

చీపురు పట్టుకుని మూలనున్న మా అత్త నడుం ఎత్తింది. "సముద్రం నీళ్ళు గదమ్మా అవి! సచ్చినోళ్ళ బూడిద తీసకపోయి కలిపేదే సముద్రంలో. దానికి మైల యాడ ఉండాది?"

ఆ మాట విని గొట్టం పక్కన పెట్టేశారు.

ఆ గొడవకు పువ్వు ముడుచుకుని నిమ్మకాయంత అయిపోయింది. అలిగిందిలే అనుకుని కెలకలేదు. ఇల్లు సద్దుమణిగాక అత్త వచ్చి నా పక్కన నిలబడి, గాజులోకి వంగి చూసింది.

"గీత కంటే దిగినాయే నీళ్ళు. ఉప్పెయ్యల్లా?"

"వద్దత్తా, మంచినీళ్ళు సాలు."

ఆ ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. అత్త మా భాగంలోకి పోయి చెంబు నిండా తెచ్చి, కుంకుమ గీత దాకా సన్నటి ధారగా పోసింది. సాయంత్రానికి పువ్వు ఒక్కొక్క చెయ్యీ చాపుకుంటూ విచ్చుకుంది. నేను వేలు ముంచాను. పట్టుకుంది.