పిరికి సరంగుకు మా యాస

చెన్నైలో డబ్బింగ్ సీరియళ్ళకు తెలుగు మాటలు రాయడం నా పని. మా ఊరు తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున. మా అన్న ఇప్పటికీ ఆ నీళ్ళలోనే వల వేసి బతుకుతున్నాడు.

ఆ మధ్య ఒక జపాన్ కార్టూన్ సీరియల్ నా చేతికి వచ్చింది. సముద్రపు దొంగల కథ. పైకి పిల్లల కథలాగే ఉంటుంది గానీ, అందులో తెల్లకోట్లు వేసుకున్న నౌకాదళం అధికారులు చట్టం పేరు చెప్పి, దీవుల్లో జనం పట్టుకున్న చేపలు లాక్కుంటారు. దొంగలని ముద్రపడ్డవాళ్ళే ఆ జనానికి తిండి పెడతారు. ఎవరు దొంగో తేల్చే హక్కు ఎవరిది అన్నదే అసలు కథ. ఇది రాజకీయం, పిల్లలాట కాదు అని స్టూడియోలో కనబడినవాళ్ళకల్లా చెప్పేదాన్ని.

ఆ దొంగల ఓడ నడిపే సరంగు ఒకడున్నాడు. పిరికివాడు, తిండిపోతు. "వీడికేదైనా తమాషా యాస పెట్టండి మేడమ్" అన్నారు డైరెక్టర్ గారు. నేను ఆలోచించను కూడా లేదు. మా అన్న గొంతు పెట్టి చదివాను. "యామబ్బా, గాలి తిరిగిపోయిండాదే, ఇంక మన పని అయిపోయినట్టే!" గదిలో అందరూ పడీపడీ నవ్వారు. నాకెంత సంతోషమో!

తర్వాత ఒక ఆదివారం ఊరికి వెళ్ళాను. భోజనాలయ్యాక, నేను రాసింది చూడాలని అన్న టీవీ పెట్టాడు. సరంగు నోరు తెరవగానే అన్న ముఖం వెలిగిపోయింది.

"ఇట్రామే, ఈడు మనూరోడే!" అని వదినను కేకేశాడు.

ఇద్దరూ నవ్వుతూ చూస్తున్నారు. ఇంతలో తెల్లకోటు అధికారి వచ్చాడు. సరంగు పీపా వెనక నక్కాడు. అధికారి చక్కటి పుస్తకాల తెలుగులో చట్టం గురించి చెప్పాడు. అన్న నా వైపు తిరిగాడు.

"చేపలు దోచుకునేది ఆ కోటోడే గదమ్మా. వాడికెందుకు అంత మంచి తెలుగు పెట్టినావు?"

"ఆఫీసర్ కదన్నా" అన్నాను.

అనేశాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అన్న మాత్రం "అదీ నిజమేలే" అని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. కంచాలు తీస్తున్న వదిన అంది: "మీయన్న ఆఫీసుల కాడ నోరు తెరవడమ్మా. నవ్వుతారంట. నన్నే మాట్లాడమంటాడు."

ఆ పూట అన్న కళ్ళలోకి చూడలేకపోయాను. కోప్పడి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఆయన కోప్పడలేదు. మన మాట టీవీలో వచ్చిందని సాయంత్రం పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకున్నాడు.

చెన్నై వచ్చాక రాయవలసిన భాగంలో, ఆ సరంగు భయం వదిలి నిండు కోర్టులో అధికారి మీద సాక్ష్యం చెబుతాడు. ఆ మాటలు మా యాసలోనే, ఒక్క వెకిలి మాట లేకుండా రాశాను. రాస్తుంటే కొంచెం తేలికపడ్డాను.

డైరెక్టర్ గారు విని పెదవి విరిచారు. "ఇంత సీరియస్ సీన్‌లో ఈ యాసేంటి మేడమ్? జనం నవ్వుతారు."

నవ్వరు సార్, మా ఇంట్లో ఏడిస్తే ఇలాగే ఏడుస్తారు, అనాల్సింది నేను. "మారుస్తాను సార్" అన్నాను. అక్కడే కూర్చుని, సాక్ష్యమంతా అధికారి మాట్లాడే తెలుగులోకి మార్చేశాను.

అది ప్రసారమైన రోజు అన్న ఫోన్ చేశాడు. "మనోడు కోర్టులో ఎంత బాగా మాట్లాడినాడమ్మా! ఆఫీసర్ మాదిరే ఉండాది" అన్నాడు, మెచ్చుకోలుగా.

"అవునన్నా" అన్నాను. ఇంకేం మాట్లాడాలో తోచక, రొయ్యలు పడుతున్నాయా అని అడిగాను.