తేడా అక్క గీసిన పటం

కుట్టు ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా చెకింగ్ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి ఆమె. చొక్కా చేతికి రాగానే "తేడా ఉంది" అంటూ తప్పున్న చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తుంది. అందుకే అందరికీ తేడా అక్క అయింది. పెళ్లికొడుకు చొక్కాకైనా వంక పెట్టే రకమని తోటివాళ్లు నవ్వుకుంటారు.

గుండీల కోసం ఒంటరిగా స్టోరుకెళ్లిన ఒకమ్మాయి ఏడుస్తూ తిరిగొచ్చి, మర్నాడే పని మానేసింది. అక్కకు ఒళ్లు మండిపోయింది. మేనేజరును నిలదీస్తే, "నోటిమాటలు కాదమ్మా, ఏదైనా చూపించండి. రేపు రెండింటికి యజమాని వస్తారు" అన్నాడు. సరేనని మర్నాడు భోజనాల వేళ అందరినీ కూర్చోబెట్టి, ఎవరికేం జరిగిందో చెప్పమంది. ఒక్కరు తలెత్తితే ఒట్టు.

అప్పుడు తట్టింది ఆమెకు. కత్తిరింపు బల్ల మీది పొడుగాటి కాగితం పరిచి ఫ్యాక్టరీ మొత్తం గీసింది. కుట్టు మిషన్ల లైన్లు, మెట్లు, స్టోరు, మరుగుదొడ్ల దారి. పక్కన స్టిక్కర్ల చుట్ట పెట్టింది.

"నోరు విప్పక్కర్లేదు. ఎక్కడ చెయ్యేశారో, ఎక్కడ పాడుమాట అన్నారో అక్కడ అంటించండి చాలు."

ఒకావిడ లేచింది. వెనకే ఇంకొకావిడ. ఇక చూడాలి, తోసుకుంటూ వచ్చేశారు. పది నిమిషాల్లో స్టోరు తలుపు ఎరుపు కింద కనబడకుండా పోయింది. కత్తిరింపు మాస్టరు వంగి చూసి, పటంలో మెట్ల మీద వేలు పెట్టాడు.

"నా కూతురూ ఇక్కడే కుడుతుంది, రోజూ ఈ మెట్లే ఎక్కుతుందమ్మా."

"అయితే యజమాని దగ్గరికి మీరూ మాతో రండి బాబాయ్."

"పదండి" అన్నాడాయన. అక్క గుండె గంతులేసింది. ఇన్నేళ్లలో ఇంత సంతోషం ఎరగదు.

ఇస్త్రీ చేసే పిల్ల మాత్రం స్టిక్కరు వేలికంటించుకుని అలాగే నిలబడింది.

"నా చోటు ఇందులో లేదక్కా."

"అదేంటే, అంతా గీశాగా."

ఆ పిల్ల నీలం సుద్ద తీసుకుని మెట్ల కింద ఒక చిన్న గది గీసి, స్టిక్కరు అంటించింది. వెనకే మరో నలుగురు.

అది మిషన్లు బాగుచేసే గది. అందులో పనిచేసే మెకానిక్ అక్క సొంత తమ్ముడే. చంకనేసుకుని పెంచింది, తనే పనిలో చేర్పించింది. ఒక్క కుట్టూ వదలని మహాతల్లి ఆ గదిని గీయడమే మరిచింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. తమ్ముడు గుంపులోంచి ముందుకొచ్చాడు.

"సరదాకి ఏదో అన్నానక్కా. దానికింత రాద్ధాంతమా?"

"వీళ్లు నవ్వారా?"

వాడు మళ్లీ గుంపులోకి జరిగాడు. పటంలో ఆ గదున్న ముక్క చింపేస్తే ఎవరూ అడ్డుపడరని అక్కకు తెలుసు. చింపలేదు. కాగితం చుట్టి లేచింది.

"నేను పట్టుకుంటా, ఇలా ఇవ్వక్కా" అని ఇస్త్రీ పిల్ల రెండో కొస అందుకుంది. వాళ్ల వెనక మాస్టరు, ఆ వెనక మూడు లైన్లూ కదిలాయి. మెట్లన్నీ దడదడలాడాయి.

పటాన్ని యజమాని బల్ల మీద పరిచారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఈ నీలం గీతలేంటి?" అని అడిగాడు.

"మా తమ్ముడి గదండీ" అంది తేడా అక్క. "ముందు అక్కణ్నుంచే మొదలెడదాం."