అత్త కాలి కింద ప్లాస్టిక్ గడ్డి

పలాసలో ప్లాస్టిక్ గడ్డిని చదరపు అడుగు ఇరవయ్యారు రూపాయలకి కొన్న మనిషి నేను తప్ప ఇంకొకరు ఉండరని ఇప్పటికీ పందెం కాస్తాను. కొట్టువాడు నలభై చెప్పాడు. నేను పద్దెనిమిది దగ్గర మొదలుపెట్టాను. గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి గుమ్మం దాటాను, రెండుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. ఆ కొట్లో సరుకు కొన్నవాళ్లకి టీ ఇప్పిస్తారు. నాకు కొనకముందే ఇప్పించాడు, కాసేపైనా నోరు మూస్తానని కాబోలు. అంత చక్కగా కుదిరిన బేరం నా జన్మలో ఇంకొకటి లేదు. దాని పుణ్యమా అని మా అత్త కాలు పోయేంత పని జరిగింది.

నేను పుట్టింది టెక్కలిలో, మా నాన్న కిరాణా కొట్టు వెనక గదిలో. అక్కడ పెరిగిన పిల్లలకి మాటలతోపాటే వాటి అసలు అర్థాలు కూడా వచ్చేస్తాయి. "ఈ బియ్యం పాతవమ్మా, అన్నం పొడిపొడిగా వస్తుంది" అంటే బస్తాకి ఇరవై ఎక్కువ. "ఆ బెల్లం వద్దు, తడిసింది" అంటే ఖరీదైన బెల్లం కదలకుండా కూర్చుంది. అమ్మేవాడు సరుకు గురించి ఏం చెప్పినా అది ధర గురించే. మేం కూడా అలాగే చెప్పేవాళ్లం కాబట్టి నాకందులో అనుమానం లేదు.

పెళ్లయి పలాస వచ్చాను. మా ఆయన జీడిపిక్కల దళారీ, సీజన్లో ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. ఇంట్లో నేనూ అత్తా. ఆవిడది పూండి దగ్గర ఉద్దానం ఊరు, కొబ్బరితోటల మధ్య ఇసకలో పెరిగిన మనిషి. చెప్పులంటే పడదు. రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయి ఉంటుంది, ఆవిడకి షుగరు ముదిరి టెక్కలిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మా అత్త అరికాలి మీద సన్నటి నైలాను పోగుతో పొడుస్తూ తెలుస్తోందా అని అడిగింది. అత్త గోడ మీది కేలండరు చూస్తూ, "ఎప్పుడు పొడుత్తావు తల్లీ?" అంది. అప్పటికి నాలుగుసార్లు పొడిచింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "రోజూ నలభై నిమిషాలు నడిపించండి. కాలికి మాత్రం చిన్న దెబ్బ కూడా తగలకూడదు. తగిలితే ఈవిడకి తెలీదు, మానదు. వేలితో మొదలై మోకాలి దాకా పోతుంది. మీరే చూసుకోవాలి."

నేను చూసుకుంటానన్నాను.

వీధిలో నడవటానికి లేదు. ఆటోలు, కంకర, జీడిపిక్కల తొక్కు. చెప్పులు వేసుకోమంటే, "సెప్పులేసుకుని నడిత్తే అదేటి నడక? మిట్టమజ్జానం ఇసకలో నీళ్లకడవెట్టుకుని నడిసిన కాలే ఇది" అంటుంది. ఇక మిగిలింది డాబా. దాని గచ్చు గరుకు, అక్కడక్కడ పెచ్చులు లేచి రాయి బయటపడింది. విశాఖలో ఒక హోటలు మెట్ల మీద పరిచిన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి మీద నేనోసారి చెప్పులు విడిచి నిలబడి చూశాను. మెత్తగా ఉంది. ఆ మెత్తదనం గుర్తొచ్చింది.

పలాసలో పరుపులూ, నేల మీద పరిచే లినోలియమూ అమ్మే కొట్లో ఆ సరుకు అప్పుడే దిగింది. మూడు చుట్టలున్నాయి. ఒకటి పొట్టిగా, గిన్నెలు తోమే బ్రష్షులా ఉంది. రెండోది వేలెడు పొడుగు, లేతాకుపచ్చ, మధ్యమధ్య ఎండుగడ్డి రంగు పోగులు, అడుగున వరసగా కన్నాలు. ధర యాభై అయిదు. మూడోది ముదురాకుపచ్చ, ఒత్తుగా, నల్ల రబ్బరు అడుగుతో. నలభై.

"డాబా మీదకైతే లేతరంగుదే తీసుకో అక్కా. ముదురుది ఎండకి కాగిపోద్ది" అన్నాడు కొట్టువాడు.

"గడ్డి కాగడం ఎక్కడైనా సూసినావేటి?"

"ఇది గడ్డి కాదక్కా, పిలాస్టిక్కు."

"మరి గడ్డని బోర్డెందుకెట్టినావు?"

"దీనికి అడుగున కన్నాలున్నాయి. వానొత్తే నీళ్లు దిగిపోతాయి."

"కన్నాలున్న గుడ్డకి ధర తగ్గించాల గాని పెంచుతారేటి బాబూ?"

కొట్లో ఇంకో ఇద్దరు బేరగాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వేసరికి నాకింకా ఊపొచ్చింది. ముదురుది కాగిపోతుందంటే యాభై అయిదుది కదలటం లేదన్నమాట, అనుకున్నాను. మా నాన్న నేర్పిన పరీక్ష ఒకటుంది, మాట వినకు, చెయ్యి పెట్టి చూడు అని. చెయ్యి పెట్టాను. చుట్ట ఫ్యాను కింద, నీడలో ఉంది. చల్లగా తగిలింది.

ఇరవయ్యేడు దగ్గర ఇద్దరం ఆగాం. అతను తల అడ్డంగా ఊపి, "సరే, ఇచ్చేత్తాను. ఎండేళ మాత్రం ఎవుర్నీ దీని మీద ఎక్కనీకు. ఎక్కాలంటే ముందు నీళ్లు కొట్టు. నాను సెప్పినాను, మరి నీ ఇట్టం" అన్నాడు.

"ఇన్ని వంకలున్న సరుక్కి ఇంకో రూపాయి తగ్గించు" అన్నాను.

తగ్గించాడు.

పరిచే మనిషికి ఆరువందలన్నాడు. గడ్డి పరవటానికి ఆరువందలేమిటని ఆదివారం నేనూ మా ఆయనా పరిచాం. ఆరడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగున రెండు పట్టీలు. గచ్చు ఊడ్చి, అంచుల వెంట రబ్బరు సొల్యూషన్ రాసి, ఒకదాని పక్కన ఒకటి దించాం. దించి చూస్తే ఒక పట్టీ నల్లగా, ఇంకోటి తెల్లగా కనిపించింది. మఖమలు గుడ్డలాగే దీని పోగులు కూడా ఒకవైపుకి వాలి ఉంటాయట. మేం రెంటినీ ఎదురెదురుగా వేశాం. అత్త మెట్ల మీద నిలబడి, "ఒకటి కొని ఒకటి ఎరువు తెచ్చినావేటే?" అంది. ఒక పట్టీ పీకి, తిప్పి, మళ్లీ అంటించాం.

అంతా అయ్యాక ఆవిడ దాని మీదకి అడుగుపెట్టింది. రెండడుగులు వేసి ఆగి నన్నడిగింది. "మెత్తగా ఉన్నాదా?"

మెత్తగా ఉందనే చెప్పాను. ఆ ప్రశ్న నన్నెందుకు అడగాల్సి వచ్చిందో ఆలోచించకుండా ధర చెప్పటం మొదలుపెట్టాను.

మూడు నెలలు బాగానే గడిచాయి. రోజూ పొద్దున్న ఆరింటికి అత్త డాబా ఎక్కేది. పిట్టగోడ మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో నలభై జీడిపిక్కలు. చుట్టుకొకటి తీసి రెండో గిన్నెలో వేసేది. చూడవచ్చినవాళ్లకల్లా నేను గడ్డి చూపించి ధర ఎంతో ఊహించమనేదాన్ని.

మే నెలలో ఒకరోజు పూండి నుంచి చుట్టాలు పొద్దున్నే దిగారు. అత్తకి నడక కుదరలేదు. వాళ్లు భోజనాలు చేసి వెళ్లేసరికి రెండు దాటింది. మర్నాడు రక్తపరీక్ష ఉంది. నడవలేదని డాక్టరమ్మ కోప్పడుతుందని ఆవిడ పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉంది. నేను వంటింట్లో ఆవకాయ కలుపుతున్నాను. మూడింటప్పుడు పిలిస్తే పలకలేదు. మంచం ఖాళీ. పెరట్లో లేదు. వీధి తలుపు గొళ్లెం పెట్టే ఉంది.

చేతులు కడుక్కోకుండానే మెట్లెక్కాను. నాలుగో మెట్టు దగ్గర అరికాళ్లు చురుక్కుమని, వెనక్కొచ్చి చెప్పులు వేసుకున్నాను. పైకెళ్లేసరికి వేడి రబ్బరు వాసన. అత్త చెంగు తలమీద వేసుకుని నడుస్తోంది. ఎప్పటి నడకే, తొందర లేదు, ఆగటం లేదు.

"అత్తా, ఎంతసేపయింది?"

"ఇంకో పదమూడే ఉన్నాయి. ఆగు."

నేను వంగి గడ్డి మీద చేతి వెనకభాగం ఆనించి చటుక్కున తీసేశాను. కారం మండిందో, గడ్డి కాలిందో తెలియలేదు. ఒక చెప్పు విడిచి కాలు పెట్టాను. రెండు లెక్కపెట్టలేకపోయాను.

"దిగత్తా! దిగు! ఇటొచ్చీ!"

"ఏటే అలగరుత్తావు? నాకేటీ నేదు."

చెయ్యి పట్టుకుని నీడకి లాగాను. మెట్టు మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. మడమ దగ్గర పూరీలా పొంగిన బొబ్బ. కుడికాలి చిటికెన వేలి కింద చర్మం తెల్లగా ఊడి పక్కకి జరిగిపోయింది. ఆవిడ పాదం వైపు చూడలేదు, నా మొహం చూస్తోంది.

"ఎలగున్నాదే?"

"కొంచెం ఎర్రబడింది" అన్నాను. నేను ఏ ధరయినా సగానికి తగ్గించే చెబుతాను.

"నీ మొకం సూత్తే కొంచెంలాగ నేదు" అంది.

బిందెడు నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి, ఆటో మాట్లాడుకుని టెక్కలి వెళ్లాం. ఆ ఆటోవాడు అడిగినంతకీ ఒప్పుకున్నానని దారి మధ్యలో అత్తే ఎత్తిచూపింది. మా ఆయనకి ఫోను కలవలేదు, తోటల్లో ఎక్కడో ఉన్నాడు. డాక్టరమ్మ గుడ్డ విప్పి, "దేని మీద కాలింది?" అంది.

"గడ్డి మీదండి."

"గడ్డా?"

చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని చూశాను. మడమ మానుతుంది, వేలి సంగతి మూడు రోజులు చూస్తే గాని చెప్పలేనంది. రంగు మారితే వెంటనే రమ్మంది. ఆ మూడు రోజులూ పలాస వెళ్లకుండా టెక్కలిలో మా పుట్టింట్లోనే ఉన్నాం.

పలాసలో కాపురం చేసిన వాళ్లెవరికైనా జీడిపప్పు రంగు చూసి రకం చెప్పటం వస్తుంది. రోజూ కట్టు మార్చేటప్పుడు ఆ వేలిని నేను అలాగే చూశాను. మొదటిరోజు తెలుపు. రెండోరోజు పొద్దున్న మాడు పప్పులా అంచు గోధుమరంగు. కిటికీ మూసి ఉందిలే, వెలుతురు చాలటం లేదులే అనుకున్నాను. కిటికీ తెరిచి చూశాను. మధ్యాహ్నం మళ్లీ చూశాను. అత్త నన్నే గమనిస్తూ, "ఎన్నిసార్లు సూత్తే తెల్లబడతాదే?" అంది. మూడోరోజుకి గోరు చుట్టూ నలుపు తిరిగింది.

డాక్టరమ్మ వేలు నొక్కి చూసింది. "వేలు తీసేస్తే పాదం దక్కొచ్చు. ఆలస్యమైతే నేను చెప్పలేను."

నా నోటినుంచి ఏం వచ్చిందో రాయటానికి సిగ్గేస్తుంది. "పైకణుపు దాకా తీస్తే సరిపోదాండి? పోనీ, ఇంకో రెండు రోజులు ఆగితే?"

డాక్టరమ్మ నోరు తెరిచేలోగా అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "ఊరుకోవే. ఇదేటి బట్టలకొట్టనుకున్నావా? ఆయమ్మ అడిగింది ఇచ్చీ."

ఇచ్చేశాం. ఆ తర్వాత అయిదు రోజులు పుండు ఎండుతుందా, పైకి పాకుతుందా అని చూడటమే పని. పక్కవేలు ఎర్రగా ఉంటే ఒకరోజు డాక్టరమ్మని రెండుసార్లు పిలిపించాను. మా ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆరోరోజు డాక్టరమ్మ కట్టు విప్పి, అంచులు పట్టుకున్నాయి, ఇక పరవాలేదంది. అత్త వెంటనే, "ఇంటికెల్లి గడ్డి పీకించు" అంది నాతో.

గడ్డి పీకటానికి ఇద్దరు మనుషులు ఒకపూట గోకారు. మా సొల్యూషన్ అంత బాగా పట్టింది. ఆ సాయంత్రం అత్త మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని నన్ను పిలిచింది.

"ఎంతయిందో నెక్క సెప్పు. నీ అలవాటు పకారం తగ్గించకు."

కాగితం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. గడ్డి ఆరువేల రెండువందల నలభై. రబ్బరు సొల్యూషనూ అతుకు టేపూ అయిదువందల నలభై. కొట్టు నుంచి ఇంటికి రిక్షా అరవై. మందులూ ఇంజక్షన్లూ నాలుగువేల మూడువందల యాభై. పదకొండు కట్లు, ఎనభై చొప్పున ఎనిమిదివందల ఎనభై. ఆపరేషనూ గదీ ఏడువేల అయిదువందలు. టెక్కలి రాకపోకలు ఆరువందల ఇరవై.

"దాన్లో సగం కొట్టీ. ఎలాగా నువ్వు పుట్టింటికి ఎల్లేదానివే" అంది.

కొట్టెయ్యలేదు. గడ్డి గోకిన మనుషులకి మూడువందలు. మెత్తటి అడుగు చెప్పులు నాలుగువందల ఇరవై. ఈ చెప్పులకి ఆవిడ అడ్డు చెప్పలేదు.

ఆ లేతరంగుది కొనుంటే ఇదంతా తప్పేదని ఆ కాగితం మీద రాయొచ్చు. రాస్తే అబద్ధమవుతుంది. మే నెల ఎండలో అది కూడా కాలుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎండేళ ఎవర్నీ ఎక్కనివ్వొద్దనీ, నీళ్లు కొట్టమనీ కొట్టువాడు చెప్పాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దానికి ఖరీదు కట్టటం నాకు చేతకాక వదిలేశాను.

అన్నీ కూడితే ఇరవై వేల తొమ్మిదివందల పది రూపాయలు. దాని కింద గీత గీసి, మా అత్త కుడికాలి చిటికెన వేలు అని రాసి, ఎదురుగా అంకె వెయ్యకుండా కాగితం ఆవిడ చేతికిచ్చాను.