ఈరమ్మత్త అందించని మాట

రొట్టెలకు వేడినీళ్ళు పోసి జొన్నపిండి కలిపే వాసన వస్తే చాలు, ఎమ్మిగనూరులో మా పార్కులోని కుంట గట్టు గుర్తుకొస్తుంది. ఈరమ్మత్త గాలానికి గుచ్చే ఎర ఆ పిండి ముద్దే. ఆమె మాకు బంధువేం కాదు, మా వీధి మనిషి. వారమంతా కలుపు కూలికి పోయి, ఆదివారం పొద్దున్నే ఆ కుంటలో అరచేయంత జిలేబీ చేపలు పట్టేది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ప్రైవేటు బస్సులో కండక్టరుగా కొత్తగా చేరాను. నాకు నత్తి. అందులోనూ ‘మ’ దగ్గర గొంతు పట్టేసేది. నా ఖర్మ కాకపోతే ఆ బస్సు వెళ్ళేది మంత్రాలయానికి! నేను "మం... మం..." అంటుండగానే జనం నవ్వుతూ పూర్తిచేసేవారు. ఓనరు ఒకరోజు పిలిచి, "ఈ నెల సూస్తా. ఊరి పేరు సెప్పల్యాకపోతే ఇంగ ఇంటికాడే ఉండప్పా" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక ఆదివారం వెళ్ళి కుంట గట్టున కూర్చున్నాను.

ఈరమ్మత్త కాస్త జరిగి చోటిచ్చింది. చేతికో గాలం ఇచ్చింది.

"ఈడ మాట్లాడగూడదప్పా, సేపలు ఇంటాయి. బెండు మునిగితేనే సెప్పు."

నాకు ప్రాణం లేచొచ్చింది. మాట్లాడక్కర్లేని చోటు ఊళ్ళో అదొక్కటే. ప్రతి ఆదివారం వెళ్ళాను. మూడో వారం ఆమె గాలం దారానికి కట్టిన బెండే గబుక్కున మునిగింది. నేను "ము... ము..." అంటున్నాను. గాలం కర్ర ఆమె చేతిలోనే ఉంది, తెలియకుండా ఉండదు. అయినా లాగలేదు, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. నేను "మునిగింది" అనేసరికి చేప ఎర తినేసి పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోనీలేప్పా, కుంటేమన్నా పారిపోతాదా?" అంటూ ఇంకో ముద్ద గుచ్చింది.

మర్నాడు బస్టాండులో మళ్ళీ ‘మం’ దగ్గరే ఆగిపోయాను. జనం ఎప్పట్లాగే అందించారు. అయినా సరే, మొత్తం పేరు నేనే చెప్పాను. ఉద్యోగం నిలిచింది. నత్తి మాత్రం ఇప్పటికీ ఉంది.

పోయినేడు ఈరమ్మత్త చనిపోయింది. పలకరింపుకు వెళ్ళి, గట్టు మీద నోరెత్తనిచ్చేది కాదని వాళ్ళ కూతురితో అన్నాను. ఏడుస్తున్న మనిషి కాస్తా నవ్వింది.

"మాయమ్మనా? ఆడ కూసుంటే నోటికి అడ్డే ల్యాకపాయె గదన్నా! సేపల్ని గూడ తిడతాండె."

వాకిట్లోనే ఏడ్చేశాను.

ఇప్పుడు బస్సులో ఏ ముసలాయనో దిగాల్సిన ఊరి పేరు కోసం తడుముకుంటే, వెనక నుంచి నలుగురు నాలుగు పేర్లు అందిస్తారు. డ్రైవరు హారన్ కొడతాడు. ఆ పేరు ఆయన నోటితో ఆయనే చెప్పేదాకా నేను విజిల్ వేయను.