చేతులు కట్టుకోవడం నేర్చుకున్న మెకానిక్

మా ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. మెట్ల కింద చిన్న కొట్టు, అందులోకి ఎవరికీ ప్రవేశం లేదు. సాయానికి వచ్చిన ప్రతివాణ్ణీ వారం తిరక్కుండానే సాగనంపేవారు. "వాడికి చెప్పేలోపు నేనే చేసి పారేస్తా" అనడం ఆయనకు ఊతపదం.

అరవై దాటాక కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నారు. ఊరికే కూర్చున్నా బాగుండేది. ఫ్యాను, మిక్సీ, గోడగడియారం, కనపడిందల్లా విప్పేశారు. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుండగా పాత కస్టమర్ ఒకావిడ ఒక కబురు తెచ్చింది. వేరే దేశంలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే బడి ఉందట. ఎవరో దానమిచ్చిన మిషన్లు చెడిపోయి మూలపడ్డాయట. ఆ ఊళ్ళో బాగుచేసే నాథుడే లేడట. పని తెలిసిన పెద్దవాళ్ళు రెండు నెలలు వచ్చి ఉచితంగా సాయం చేస్తే, టిక్కెట్లూ బసా వాళ్ళే చూసుకుంటారట.

"ఈ వయసులో పరాయి దేశమా!" అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. మా ఆయన అప్పటికే స్క్రూడ్రైవర్లను చొక్కాల్లో చుడుతున్నారు. ఆఫీసులో టైపు కొట్టిన పుణ్యాన నాకు కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి నేనూ బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, విమానం పైకి లేస్తుంటే ఆయనకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

బడిలో పొడవాటి గది. కిటికీల వెంట మిషన్లు, వాటిమీద దుమ్ముపట్టిన గుడ్డలు. వారం తిరిగేసరికి గదంతా టకటకలే! ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పై వారం రెండు మిషన్లు మళ్ళీ ఆగిపోయాయి. వాటిమీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఆయన వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. బడి పెద్దావిడకు ఇంగ్లీషు వచ్చు. నన్ను పక్కకు పిలిచి, "మీరు వెళ్ళాక ఎవరు చేస్తారు? చేసేవాళ్ళు లేకపోతే ఈ గదికి తాళం వెయ్యాల్సిందే" అంది. ఉన్నదున్నట్టు ఆయనతో చెప్పాను.

ఆయన ముఖం వాడిపోయింది. "నాకు చెయ్యడం వచ్చు గానీ, నేర్పడం రాదే" అన్నారు.

"చేతులు కట్టుకు నిలబడండి. అదే వస్తుంది" అన్నాను.

మర్నాటి నుంచి చూడాలి తమాషా! సన్నగా, పొడుగ్గా ఉండే ఒకావిడ నేర్చుకుంటానని ముందుకొచ్చింది. ఈయన ఆవిడకు 'దబ్బనం' అని పేరు పెట్టారు. ఆవిడకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయారు. ఆవిడ స్క్రూ ఎదురు తిప్పితే ఈయన ప్రాణం విలవిల్లాడేది. "అటు కాదమ్మా తల్లీ!" అని తెలుగులోనే మొత్తుకునేవారు. ఒకరోజు ఆవిడ మిషనంతా విప్పి, మళ్ళీ బిగించేసరికి రెండు స్క్రూలు మిగిలాయి. ఈయన లేచి, నడవాలో అటూ ఇటూ నాలుగు చుట్లు తిరిగొచ్చి, మళ్ళీ విప్పమని సైగ చేశారు. ఇంత కాపురం చేశాను గానీ, ఆయనకు ఓపికనేది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. భలే ముచ్చటేసింది.

మేం బయల్దేరే ముందురోజు అన్నిటికంటే పాత మిషను కుట్టు తప్పడం మొదలెట్టింది. అది మొండి జబ్బు. సూది దిగి పైకి లేచేటప్పుడు, కింద దారపు కండెను పట్టి తిప్పే షటిల్ మొన వచ్చి దారాన్ని అందుకోవాలి. రవ్వంత తేడా వచ్చినా కుట్టు పడదు. పెద్దావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. తాళం సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఆడవాళ్ళంతా తమ మిషన్లు ఆపి చుట్టూ మూగారు.

దబ్బనం మిషను పక్కకు వాల్చి, వంగి చూసి, ఒక స్క్రూ వదులు చేసింది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పింది. బిగించి కుట్టి చూస్తే మళ్ళీ తప్పింది. ఆవిడ మా ఆయనవైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని గది పైకప్పువైపు చూస్తున్నారు! ఆవిడ పెదవి కొరుక్కుని మళ్ళీ వంగింది.

ఈసారి గుడ్డమీద కుట్టు గీత గీసినట్టు పడింది. కేకలతో గది దద్దరిల్లింది. పెద్దావిడ దబ్బనాన్ని వాటేసుకుంది.

మా ఆయన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మోకాళ్ళ నొప్పులు ఏమైపోయాయో మరి! కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"ఏమేవ్, చూశావా! నేనేం చెయ్యలేదే! ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు!"