మలేషియాకు వెళ్ళిన రొట్టెలు

జొన్నరొట్టె ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో నాకు తెలిసినంత ఖచ్చితంగా మా పెనుకొండలో ఎవరికీ తెలియదు. పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, నిప్పుల పక్కన నిలబెట్టి అప్పడంలా ఎండనిస్తే పదకొండు రోజులు. కాస్త మెత్తగా ఉండగానే డబ్బాలో పెట్టామా, నాలుగో రోజుకే బూజు. ఇదంతా నేను మలేషియా కోసం నేర్చుకున్నాను.

అప్పట్లో హిందూపురంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. పొద్దున ధర్మవరం నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కి వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగొచ్చేదాన్ని. ఆడవాళ్ళ పెట్టెలో మేం ముగ్గురం. ఒకామె ధర్మవరంలో ఎక్కేది, హిందూపురంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. నాకంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. ఇంకొకామె నాతోపాటు పెనుకొండలోనే ఎక్కే కుట్టు టీచరమ్మ. ఆరేడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అక్కకు ఆపరేషను అయినప్పుడు పది రోజులు ధర్మవరం దాకా క్యారియరు మోసింది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక రోజు అక్క బెంగళూరులో యాత్రలకు తీసుకెళ్ళే కంపెనీవాళ్ళ దగ్గర నుంచి రంగుల పుస్తకం ఒకటి తెచ్చింది. లోపలంతా ఇంగ్లీషు, మధ్యమధ్యలో సముద్రం బొమ్మలు.

“పోదామా మే?” అంది నాతో.

“యాడికక్కా?”

“మలేషియాకి. ఇమానంలో. దసరా సెలవుల్లో ఏడు దినాలు.”

టీచరమ్మ పకపకా నవ్వింది. “ఈయమ్మ బెంగళూరే సరిగ్గా చూళ్ళేదు, మలేషియా చూస్తాదంట!”

“చూడనోళ్ళనే తీసకపోవాల. చూసినోళ్ళకి ఏముంటాది?” అంది అక్క. ఆ మాటకు నేను పడిపోయాను.

నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ ఒకసారి చెవిన పడింది నా దగ్గర నుంచి పోదు. బండి కదలగానే అక్క పుస్తకం తీసి, చదువుతూ తెలుగులో చెప్పేది. నేను పట్టుకునేదాన్ని. కొన్నాళ్ళకు వాళ్ళిద్దరూ పుస్తకం తెరవడం మానేసి నన్నే అడిగేవాళ్ళు.

“రెండో దినం ఏముండాది మే?”

“పొద్దన్నే గుహలో గుడి. రెండు నూర్ల డెబ్బై రెండు మెట్లు. మోకాళ్ళ నొప్పులోళ్ళు కిందే కూర్చోవాల.”

“అయితే అక్క కిందే. మన చెప్పులు చూసుకుంటా ఉంటాది,” అనేది టీచరమ్మ. పెట్టెలో పక్కవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

పనులు పంచుకున్నాం. కాగితాలు అక్కవి. ఎవరు ఏ బట్టలు తేవాలో, పెట్టె ఎంత బరువుండాలో టీచరమ్మ చూస్తుంది. తిండి నాది. ఆ దేశంలో మన నోటికి పట్టేది దొరకదని అక్క చెప్పింది మొదలు మా ఇంట్లో అటక మీద డబ్బాలే డబ్బాలు. ఒకదాంట్లో రొట్టెలు, ఒకదాంట్లో నిప్పట్లు, ఒకదాంట్లో శెనక్కాయల పొడి. ప్రతి డబ్బా మీదా సున్నంతో రోజుకొక గీత గీసి, రోజూ ఒక ముక్క నోట్లో వేసుకుని చూసేదాన్ని. మా ఆయన వచ్చి పోతూ అనేవాడు, “మలేషియాకు పోయేది నువ్వా, రొట్టెలా?”

పాస్‌పోర్టుకు విచారణ చేయడానికి పోలీసాయన మా వీధికి వచ్చినప్పుడు వీధంతా పోగయ్యింది. ఎదురింటి అవ్వ ఆయన్నే నిలదీసింది. “ఏమప్పా, ఏం చేసిందప్పా ఈయమ్మ? రొట్టెలు చేసుకొని బతికే మనిషి!” నవ్వలేక చచ్చాను. పాస్‌పోర్టు పుస్తకం పోస్టులో వచ్చిన రోజు దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాను.

మర్నాడు బండిలో ముగ్గురివీ పక్కపక్కన పెట్టి చూశాం. నా దాంట్లో ఒక ముద్ర ఉంది. వాళ్ళ వాటిలో లేదు.

“టెన్త్ పాసు కానోళ్ళకు ఇది ఏస్తారు మే,” అంది అక్క. “దీంతో మలేషియాకు పోనీరు.”

“ఏమన్నా చేయొచ్చునా అక్కా?”

“సర్కారు రూలు. మనమేం చేస్తాం?” నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆ రాత మూడో తరగతి దగ్గరే రాసి ఉంది, ఎవరిని అనాలి? నాకోసం ఆగొద్దు, మీరు పోండి అన్నాను. అన్నదాన్ని ఊరుకోలేదు, చేస్తానన్న తిండి చేశాను. వాళ్ళు బెంగళూరు బండిలో వెళ్ళే రోజు పెనుకొండ స్టేషనుకు మూడు డబ్బాలు మోసుకొచ్చి, కిటికీలోంచి అందించాను. అక్క తన సంచీలోంచి రంగుల పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. “బొమ్మలు చూసుకుంటా ఉండు మే.”

హాస్టలు పిల్లలు సెలవులకు ఇళ్ళకు వెళ్ళినా, స్టోరు రూము కడగాలని వార్డెనమ్మ నన్ను రమ్మంది. పని మధ్యలో ఊరుకోలేక, “ఈ పొద్దు మావాళ్ళు గుహ మెట్లు ఎక్కుతాంటారమ్మా,” అన్నాను. ఆ తర్వాత ఎక్కడికి పోతారు, ఏం తింటారు అన్నీ చెప్పాను. ఆమె ముచ్చటపడి, “ఏదీ ఆ పుస్తకం, నీ తెలివి చూద్దాం,” అని తెరిచింది. ఆమె ఇంగ్లీషులో చూసుకుంటోంది, నేను తెలుగులో అప్పజెబుతున్నాను. పాస్‌పోర్టు గురించిన పేజీ దగ్గర వేళ్ళు ముడుస్తూ ఐదు సంగతులు చెప్పాను.

“ఇంకొకటుంది,” అందామె.

“ఐదేనమ్మా.”

“ఆరున్నాయి. ఐదోది వదిలేశావు.” చదివి చెప్పింది. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టులో ముద్ర ఉంటుంది, వెళ్ళేది ఊళ్ళు చూసి వచ్చేయడానికే కాబట్టి భయం లేదు, నెల ముందు మా ఆఫీసుకు పంపితే రానుపోను టికెట్టు చూపించి మినహాయింపు మేమే తెచ్చిపెడతాం. అదీ సంగతి.

నేను వదలను. నా చెవిన పడింది ఏదీ వదలను. ఆ పేజీ చదివిన పూట మొత్తం కళ్ళముందుకొచ్చింది. బండి మలుగూరు స్టేషను దాటింది. అక్క నాలుగు సంగతులు చెప్పింది. టీచరమ్మ వంగి, పుస్తకం మీద వేలు పెట్టింది. అక్క ఆగి, బాటిలు మూత తీసి నీళ్ళు తాగింది, మూత బిగించింది, చివరిది చదివింది. పాపం గొంతు ఎండిందేమో అనుకున్నాను. అప్పటికి దసరా ఇంకా మూడు నెలలుంది.

సెలవులయ్యాక బండెక్కితే బెంచీ మీద కడిగిన డబ్బాలు మూడూ ఉన్నాయి. పక్కన నాకోసం తెచ్చిన తాళంచెవుల గొలుసు.

“నీ రొట్టెలు లేకుంటే చచ్చిపోతాంటిమి మే,” అంది అక్క. “ఆఖరి దినం కూడా కరకరమన్యాయి.”

“పాస్‌పోర్టు పేజీలో ఎన్ని ఉండాయక్కా?”

అక్క గొలుసు తీసి నా వైపు జరిపింది.

“ఆరుండాయి. నాకు ఐదే చదివితివి.”

టీచరమ్మ గబుక్కున అంది, “నేను చెప్దామనే అనుకుంటి మే...”

అక్క తల వంచుకుని గొణిగింది. “రూముకు ఇద్దరే. ఆడ అడుగడుక్కీ ఇంగ్లీషు, ఫారాలు. నిన్ను చేయి పట్టుకొని తిప్పుతాంటే మేం చూసేదేముంటాది? వద్దని నీ మొగాన చెప్పల్యాకపోతి.”

“మొగాన చెప్పల్యాక, నా చేత రొట్టెలు చేపిస్తివా?”

మలుగూరు వచ్చింది, పోయింది. హిందూపురంలో డబ్బాలు తీసుకుని దిగాను. గొలుసు బెంచీ మీదే ఉండిపోయింది. ఆ మరుసటి రోజు నుంచి జనరల్ పెట్టె ఎక్కాను, చాలాసార్లు నిలబడే.

పాస్‌పోర్టుకు ఉన్న పదేళ్ళ గడువూ అయిపోయింది. ఆ ముద్ర తప్ప ఇంకే ముద్రా పడలేదు దాని మీద. మొన్న మా కోడలు ఆసుపత్రి చీటీ చదివి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది. అంతా విని, “ఇంకేమన్నా ఉండాదా?” అన్నాను. “అంతేనత్తా,” అంది. “ఎన్ని ఉండాయి? లెక్కపెట్టి చెప్పు,” అన్నాను. కోడలు మంచిది, ముఖం చిన్నబుచ్చుకుని లెక్కపెట్టింది. నాలుగు. ఆమె చదివినవీ నాలుగే. అయినా ఆ చీటీ తీసుకుని, రాని ఇంగ్లీషులో ఒక్కో వరస మీదా వేలు పెట్టి, మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.