శుక్రవారం పంపనివ్వరు, శనివారం రానివ్వరు: షాద్‌నగర్ నుంచి సాతంరాయికి మిలిటరీ లారీ

వచ్చేసిందండీ, మా అబ్బాయి మహేశ్ మిలిటరీ లారీ మా ఇంటి ముందు నిలబడింది. షాద్‌నగర్ నుంచి మా సాతంరాయి ఎంత దూరమని? బస్సులో గంట, గంటంబావు. ఆ కాస్త దూరానికి మాకు మూడు రోజులు పట్టింది. దారి బాగాలేక కాదు, హైవే అద్దంలా ఉంది. తంటా అంతా మనుషులతోనే వచ్చింది. పాత మిలిటరీ బండి ఇంటికి తెచ్చుకోవాలని కలలుగనే పిల్లలు ఇంకెవరైనా ఉంటే, వాళ్ల తండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. కాగితం మీద రాసిస్తే మా అమ్మాయి కవిత కంప్యూటర్లో ఎక్కిస్తుంది. తప్పులుంటే ఆమెవి.

మా ఊరు బెంగుళూరు హైవే పక్కనే. చిన్నప్పుడు మిలిటరీ లారీలు వరసకట్టి పోతుంటే మహేశ్ అన్నం కంచం వదిలేసి రోడ్డు మీదికి ఉరికేవాడు. వెనక కూర్చున్న జవాను ఒక్కడు చెయ్యి ఊపినా చాలు, ఆ రోజంతా వాడికి ఆకలి ఉండేది కాదు. పెద్దయితే పోతుందిలే అనుకున్నాం. పోలేదు. ఇప్పుడు వాడికి ఇరవై ఆరేళ్లు, ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లను ఇళ్ల నుంచి తెచ్చి దింపే వ్యాను నడుపుతాడు. విమానాశ్రయం వచ్చాక మా చుట్టుపక్కల పిల్లలు కార్లు కొన్నారు, తుక్కుగూడ వైపు ప్లాట్లు కొన్నారు. వీడు మాత్రం జీతంలో మిగిల్చి మిగిల్చి, సైన్యం వాడి వేలంలో అమ్మేసిన లారీ ఎక్కడ దొరుకుతుందా అని తిరిగాడు. "ఏం జేస్తవురా దాంతోని?" అని అడిగితే "చూసుకుంట బాపు" అన్నాడు. ఇసుక తోలడానికి కాదట, కిరాయికి కాదట, చూసుకోవడానికట. మా బావమరిది మల్లేశం "ముసలెద్దును కొని వాకిట్ల కట్టేసుకునుడే గదా బావా" అని ఊరంతా వినేలా నవ్వాడు. ఎంతకు కొన్నామో ఇక్కడ రాయను, మల్లేశం ఇది చదువుతాడు.

లారీ షాద్‌నగర్‌లో ఒక సామిల్లులో దొరికింది. దుంగలు మోసి మోసి ఆగిపోయిన బండి. మిల్లు యజమాని బాల్‌రాజు ఆ స్థలాన్ని అమ్మేశాడు, శనివారం కల్లా ఖాళీ చేసివ్వాలి. లోపలున్న పాత ఇనుమంతా తుక్కు వ్యాపారి యూసుఫ్‌కు మాట్లాడుకున్నాడు. "మీరు శుక్రవారం వచ్చి తీస్కపోండ్రి. లేకుంటే శనివారం యూసుఫ్ దాన్ని గూడ కోసుకపోతడు" అన్నాడు. బయానా ఇచ్చి వచ్చాం. మా ఇంటామె సత్తెమ్మ కూడా సంతోషపడింది, లక్ష్మి ఇంటికి రావడానికి శుక్రవారాన్ని మించిన రోజు లేదని.

శుక్రవారం ఎనిమిది గంటలకు శంషాబాద్ బస్టాండులో ఆర్డినరీ బస్సు ఎక్కాం. టికెట్ ఇరవై రూపాయల పైచిలుకు. కొత్తూరు దాకా కంపెనీలకు పోయేవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంటుంది, కూర్చునే ఆశ పెట్టుకోకండి. నా సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, టైరుకు ఒకటి చొప్పున నిమ్మకాయలు. బస్సు కుదుపుకల్లా కొబ్బరికాయ నా మోకాలికి తగులుతూనే ఉంది.

మిల్లులోకి పోగానే లారీ కనిపించింది. ఎప్పుడో నీలం రంగు వేశారు, అది పెచ్చులూడిన చోటల్లా కింద మిలిటరీ ఆకుపచ్చ. మహేశ్ ఆ ఆకుపచ్చ మీద బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. నేను నిమ్మకాయలు తీస్తున్నాను. అప్పుడు చూశాను, గేటుకు అడ్డంగా మంచం వేసుకుని బాల్‌రాజు తల్లి అంజమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి.

"ఇయ్యాల శుక్రవారం. నా ఇంట్లకెల్లి లక్ష్మిని ఎట్ల తోల్తర్రా?" అంది.

"అమ్మా, గది లారీ. తుప్పు పట్టిపోయింది" అన్నాడు బాల్‌రాజు.

"నిన్ను సదివిచ్చింది గదే. నీ లగ్గం జేసింది గదే. మీ నాయిన దాన్ని వేలంల తెచ్చిననాడు నీకు ముక్కు తుడుసుకొనుడు గూడ రాదు."

నేను మర్యాదగా "అక్కా, మా ఇంటామె గూడ శుక్రవారమే తెమ్మన్నది" అన్నాను.

"తెమ్మంటది తమ్మీ. తెచ్చుకునేటోల్లకు శుక్రవారం మంచిదే. పంపేటోల్లకు గాదు."

ఆమె మాటా నిజమే. మా ఇంట్లోనూ శుక్రవారం పూట పక్కింటివాళ్లకు చేబదులు ఉప్పు కూడా ఇవ్వం. బాల్‌రాజు నన్ను పక్కకు తీసుకుపోయి, రేపు పొద్దున్నే యూసుఫ్ కంటే ముందు వచ్చి తీసుకుపొమ్మన్నాడు. సత్తెమ్మకు ఫోన్ చేశాను.

"శనివారమా? శనివారం ఇనుప మేకు గూడ ఇంట్లకు తేరాదని నీకు తెల్వదా? మేకు తేనోనివి లారీ తెస్తవా?"

"ఆదివారం దాక ఆగితే దాన్ని కోస్తరే."

"కోస్తే కోయనియ్యి" అని పెట్టేసింది.

ఒక ఇంట్లో శుక్రవారం పంపరు, ఒక ఇంట్లో శనివారం రానివ్వరు, ఆదివారానికి లారీ ఉండదు. పంచాంగం చూసి పెళ్లిళ్లు చేశాను, ఇల్లు కట్టాను, ఇంత ఇరకాటం ఎన్నడూ పడలేదు. నిమ్మకాయలు మళ్లీ సంచిలో వేసుకుని బస్సెక్కాం. పాల్మాకుల దాటాక నెత్తి మీదుగా విమానం దిగుతుంటే బస్సులో అందరూ తలెత్తి చూశారు, మహేశ్ ఎత్తలేదు. ఇంతలో సత్తెమ్మే మళ్లీ ఫోన్ చేసింది. "పోరడు ఏమన్న తిన్నడా?" అని అడిగింది. తినలేదన్నాను. "రేపు అక్కడికెల్లి బయటికి తీయుండ్రి. మన వాకిట్లకు మాత్రం ఆదివారమే రావాలె. నడుమ ఎక్కడ పెడ్తరో నాకు చెప్పొద్దు" అంది.

శనివారం మొదటి బస్సుకే పోయాం. అయినా యూసుఫ్ మాకంటే ముందే వచ్చేశాడు. గ్యాసు సిలిండరు, కోసే పైపులు దింపి పెట్టి, చాయ్ గ్లాసు పట్టుకుని నీరసంగా కూర్చున్నాడు. అంజమ్మ మంచం గేటు దగ్గర నుంచి లారీ మూతి ముందుకు మారింది.

"ఆవో చాచా" అన్నాడు యూసుఫ్. "పెద్దమ్మ లారీ మీద చెయ్యి వెయ్యనిస్తలేదు. పొద్దటి సంది చాయ్ మీద చాయ్ పోస్తున్నది. నేను పనికొచ్చిన్నా, పిల్లను చూసెటందుకు వచ్చిన్నా?"

అంజమ్మ మహేశ్‌ను చూసి లేచింది. "ఇయ్యాల శనివారం. ఇగ తీస్కపో బిడ్డా" అని మంచం తానే పక్కకు జరిపింది.

తీసుకుపోవాలంటే బండి లేవాలి కదా. బ్యాటరీ చచ్చిపోయింది. మహేశ్ తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. గేటు వైపు పల్లం ఉందని యూసుఫ్ మనుషులు, మేము, బాల్‌రాజు కలిసి నెట్టాం. ముందు చక్రాలు గేటు దాటాయి, వెనక చక్రాలు లోపలే ఉండిపోయాయి. సగం బయట, సగం లోపల నిలబడిపోయింది. ఇక ముందుకు కదలదు, వెనక్కి రాదు. యూసుఫ్ తీసుకుపోవాల్సిన కోత మిషను లోపల ఉంది, అతని డీసీఎం వ్యాను బయట ఉంది, నడుమ గేటులో మా లారీ ఉంది.

"ఇది దాటితే గని నా మాల్ బయటికి రాదు" అన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. "కోసెటందుకు వస్తే గుంజెటందుకు పెట్టిండ్రు. గుంజుత చాచా. లేవకుంటే మాత్రం రోడ్డు మీదనే కోస్త, మల్ల ఏమనొద్దు."

డీసీఎంకు ఇనుప తాడు కట్టి గుంజాడు. మహేశ్ గేరులో వేసి క్లచ్ వదిలాడు. లారీ రెండుసార్లు దగ్గింది, మూడోసారి గర్జించింది, నల్లటి పొగ రోడ్డంతా కమ్మింది. యూసుఫ్ తాడు విప్పుతూ దగ్గుతూ నవ్వుతున్నాడు. మహేశ్ నవ్వలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు, చిన్నప్పుడు కంచం వదిలి వచ్చి రోడ్డు మీద నిలబడి చూసినట్టే.

పోదాం పదమన్నాను. "ఆగుండ్రి" అంది అంజమ్మ, ఇంట్లోకి పోయింది. ఇంజన్ ఆపితే మళ్లీ లేస్తుందో లేదో తెలియదు, ఆపకపోతే డీజిల్ నీళ్లలా కాలుతోంది, ఆమె ఎంతకీ రాదు. నేను రెండుసార్లు పిలిచాను, అక్కా, డీజిలు అయిపోతున్నదని. చివరికి పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, కొత్త రవికె గుడ్డ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. ఒడిబియ్యం. పుట్టింటివాళ్లు ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఒడిలో పోసే బియ్యం. లారీకి ఒడి ఎక్కడిది? సీటు మీద రవికె గుడ్డ పరిచి, దోసిళ్లతో దాంట్లోనే పోసి మూట కట్టింది.

"ముగ్గురూ మొగపిల్లలే నాకు. ఎవ్వలకు ఒడిబియ్యం పొయ్యలే" అంది. "ఇవి వండి మీ చుట్టాలను పిలిచి పెట్టుండ్రి తమ్మీ. చేరినంక ఒక్క ఫోను కొట్టు."

అంతవరకు నాకున్న చిరాకు ఎక్కడికి పోయిందో తెలియదు. మళ్లీ కొత్తూరు దగ్గర దొరికింది. బండి ముప్పై దాటి పోదు, లీటరుకు మూడు కిలోమీటర్లు కూడా రాదు, వెనకాల బస్సులవాళ్లు హారన్లతో మా చెవులు తిన్నారు. నందిగామలో ఆగితే ఫోటోలు, తిమ్మాపూర్‌లో ఆగితే ఫోటోలు. మా పెళ్లికి కూడా ఇన్ని ఫోటోలు తీయలేదు. పాల్మాకుల చేరేసరికి సాయంత్రం నాలుగైంది. అక్కడ నుంచి విమానాలు దిగడం కనిపిస్తుంది, మా ఊరు అంత దగ్గర. అయినా ఆగాలి, శనివారం.

రోడ్డు పక్కన హోటలు నడిపే ఆమెను అడిగాను, చెల్లె, ఈ ఒక్కనాటికి నీ హోటలు ముందర పెట్టుకుంటమని. ఆమె లారీని కింది నుంచి పై దాకా చూసింది. "శనివారం నాడు గింత ఇనుము నా ముంగట పెడ్తవా? నీ ఇంటికి పట్టే శని నా హోటల్‌కు పట్టదా?"

"నీది ఇల్లు గాదు గదా చెల్లె, హోటలు."

"చాయ్ తాగెటప్పుడు మాత్రం ఇల్లు లెక్కనే కూసుంటరు." కాస్త ఆలోచించి రోడ్డు అంచున మట్టి చోటు చూపించింది. "అగో, గాడ పెట్టు. గది సర్కారు జాగ. శని పడితే సర్కారుకే పడుతది."

అలాగే పెట్టాం. మహేశ్ లారీలోనే పడుకున్నాడు. నేను షేర్ ఆటోలో ఇల్లు చేరి, పొద్దున్నే కొత్త బ్యాటరీతో తిరిగి వెళ్లాను. చూస్తే హోటలామె వాడికి ఇడ్లీలు పెట్టి, లారీ బానెట్ మీద పసుపు బొట్టు కూడా పెట్టింది. ఆదివారం కదా, భయం పోయింది. బ్యాటరీ బిగించి నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. శంషాబాద్ దాటి మా వాకిట్లోకి తిరిగేసరికి సత్తెమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. "గింత పెద్దగున్నదా" అని మాత్రం అంది. దిష్టి తీసి, ముందు టైర్ల మీద నీళ్లు పోసి, ఎవరూ చూడడం లేదనుకుని ఆ ఆకుపచ్చ మీద ఒకసారి చెయ్యి వేసింది.

చూసుకోవడానికి లారీ ఎందుకురా అని నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే నేనే వెళ్లి చూస్తున్నాను. పని లేకపోయినా ఒకసారి ఎక్కి కూర్చుని దిగుతున్నాను. కుటుంబాన్ని మోసిన ఇనుమును తుక్కు అనడానికి అంజమ్మకు నోరు రాలేదు, తనను ఎన్నడూ మోయని బండిని మా వాడు అంత ప్రేమగా చూశాడు, నడుమ ఏమీ అర్థం కానివాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను: బయానా ఇచ్చే ముందు ఆర్‌సీ కాగితాలు చూసుకున్నట్టే, ఏ వారం పంపుతారో అమ్మేవాళ్ల ఇంట్లో పెద్దామెను, ఏ వారం రానిస్తారో మీ ఇంట్లో పెద్దామెను అడిగి రండి. బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఒడిబియ్యం బుధవారం వండుతున్నాం. అందరికీ చెప్పాలి. తుక్కుగూడలో మా పెద్ద చెల్లెలు, బావ. షాపూర్ మేనత్త, ఆమెకు చెవులు వినపడవు, మనిషిని పంపాలి. కవిత అత్తగారు, మామగారు. సత్తెమ్మ అక్క, ఆమె ఇద్దరు కోడళ్లు. మా చిన్నాన్న కొడుకులు నలుగురు. బావమరిది మల్లేశం, అతనికి నేనే స్వయంగా చెబుతాను. చుట్టం కాకపోయినా యూసుఫ్, పిల్లను సాగనంపిన మేనమామ లెక్కన. అందరికంటే ముందు షాద్‌నగర్‌లో అంజమ్మ అక్కకు ఫోన్ చెయ్యాలి, పుట్టింటివాళ్లు రాకుండా ఒడిబియ్యం ఎలా తింటాం.